మూడో ఆకు లెక్క

"ఇంకా మూడు గంటల యాభై నిమిషాలుంది. అందులో అయిదు నిమిషాలు ఏడవడానికి తీసుకో. మిగతాది నాకివ్వు," అంది పెద్దకోడలు, చేతి గడియారం చూసుకుని.

స్టూలు మీద కూర్చున్న అమ్మాయి ముక్కు తుడుచుకుంది. ఆ చెరకు పరిశోధన క్షేత్రంలో ఆమెను అందరూ పురుగులమ్మాయి అంటారు. పేనుబంకను పెంచడం ఆమె ఉద్యోగం. గది నాలుగు వైపులా సన్నటి వల తొడిగిన పెట్టెలు, పెట్టెల్లో మొలకలు, మొలకల మీద ఆవగింజలో సగం కూడా లేని పురుగులు.

మూడు గంటలకు కమిటీ కూర్చుంటుంది. కొత్త చెరకుకు తెగులు అంటించిందని పురుగులమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేస్తూ సంతకాలు పెడుతుంది. అది కాగానే ఇన్‌స్పెక్టరు ఆమెను జీపు ఎక్కిస్తుంది. నాలుగింటికి నలభై సాళ్ళ కొత్త చెరకును పీకి తగలబెడతారు.

"తోట కాలిపోతే నేను చెయ్యలేదని చెప్పడానికి ఆకు ముక్క కూడా మిగలదమ్మా," అంది అమ్మాయి.

"అందుకే ఏడుపు తగ్గించమన్నాను."

పెద్దకోడలు డిటెక్టివ్ పని మొదలుపెట్టి పదకొండేళ్ళయింది. అయినా ఆ పిలుపు ఆమెను వదల్లేదు. వదలకపోవడానికి కారణం ఆ ఇంటి చిన్నకోడలు. ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు ఆవిడే. ఒకే ఇంటి కోడళ్ళిద్దరూ దొంగల వెంట పడితే వంటింట్లో ఎవరుంటారని అత్తగారు మొదట్లో గొణిగేది. ఇప్పుడు గొణగడం మానేసింది. పోయిన నెల పేపర్లో వచ్చిన చిన్నకోడలి ఫొటోకు అద్దం కట్టించి హాల్లో పెట్టింది. ఆ అద్దం మీద దుమ్ము తుడిచేది మాత్రం పెద్దకోడలే.

"సరే, చెప్పు. ఈ పురుగుకి రోగం ఎలా వస్తుంది?"

"పురుగుకి రోగం రాదమ్మా. అది మోస్తుంది, అంతే. మొజాయిక్ తెగులున్న ఆకుని ఒక్క నిమిషం కుడితే చాలు, దాని మూతికి అంటుకుంటుంది. తర్వాత మంచి ఆకుని కుడితే అందులోకి దిగిపోతుంది."

"మూతికి ఎంతసేపు ఉంటుంది?"

"దేన్నీ కుట్టకపోయినా కొద్ది గంటలే. నాలుగు మంచి ఆకుల్ని కుట్టిందంటే మూతి శుభ్రం. అందుకే మేం ముందు గంటసేపు పస్తు పెడతాం. ఆకలి మీద వెంటనే కుడుతుంది. నిమిషం కాగానే తడి కుంచెతో ఎత్తి మంచి మొక్క మీద వేస్తాం. అక్కడ ఆలస్యం చేశామా, పడిన పాట్లన్నీ దండగ."

"చాడీల్లాంటిదన్న మాట. వేడివేడిగా మోస్తేనే అంటుకుంటుంది."

అమ్మాయికి నవ్వొచ్చింది. వెంటనే నవ్వినందుకు భయం వేసింది.

"మూడు వారాల కింద, సోమవారం పొద్దున ఆరూ నలభైకి నువ్వు మూత పెట్టిన గాజు గొట్టాలతో ఆ తోటలోకి వెళ్ళావు. కాపలాదారు చూశాడు. ఎందుకెళ్ళావు?"

"ముందు రోజు సాయంత్రం అక్కడ రెక్కల పేనుబంక కనబడింది. ఏ జాతో చూద్దామని పట్టుకోవడానికి వెళ్ళాను. వదలడానికి వెళ్ళానంటున్నారు. గొట్టం చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి కదమ్మా!"

"తెగులు మొక్కలు ఎక్కడుంటాయి?"

"ఈ గది వెనకాల. రెండు తలుపులు. రాత్రి పూట తాళం."

పెద్దకోడలు గోడకు వేలాడుతున్న రిజిస్టరు తీసింది. ఆదివారం సాయంత్రం అయిదున్నరకు తాళం వేశారు. సోమవారం ఎనిమిదీ అయిదుకు తీశారు. గేటు దగ్గర అమ్మాయి సంతకం ఆరూ ముప్ఫై రెండు. అంటే ఆరూ నలభైకి ఆమె గొట్టంలో ఉన్న పురుగు ఏదైనా సరే, తెగులు మొక్కను చూసి పదమూడు గంటలు దాటింది.

"ఇంకొక్కటి అడుగుతాను, బాధపడకు. ఇక్కడ అందరూ గురువుగారనే పెద్ద శాస్త్రవేత్త శిష్యుడు, ఆ కొత్త చెరకును కనిపెట్టినవాడు, నిన్ను చేసుకుంటానన్నాడు. తర్వాత ఇంకొకర్ని చేసుకున్నాడు. నిజమేనా?"

"నిజమే."

"కుళ్ళుకున్నావా?"

అమ్మాయి తల ఎత్తింది. "కుళ్ళుకున్నానమ్మా, అబద్ధమెందుకు? ఆవిడ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి ఆయన పక్కన కూర్చుంటే, నేను ఈ గదిలో తలుపేసుకుని పురుగుల్ని లెక్కపెట్టుకునేదాన్ని. ఆవిడ కాలు జారి పడాలని కూడా అనుకున్నాను. కాని ఆ చెరకు నాకేం చేసింది?"

పెద్దకోడలు నోటుపుస్తకం మూసేసింది. కుళ్ళుకున్న మనిషి ఎవరి మీద కుళ్ళుకుందో ఇంత సూటిగా చెప్పడం ఆమె ఇంతకు ముందు వినలేదు. తను కూడా ఎప్పుడూ చెప్పలేదు.

*

పన్నెండూ పది. తోట గట్టు మీద జీపు, జీపు నీడలో ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఇన్‌స్పెక్టరు నల్ల కళ్ళద్దాలు తీసి నవ్వింది.

"రా అక్కా. కాస్త ఆలస్యంగా వచ్చావు. ఇక్కడ పని అయిపోయింది."

"నువ్వు అయిపోయిందన్న చోటే నాకు మొదలవుతుంది చెల్లెమ్మా."

"నిన్న అత్తయ్య అడిగింది. పెద్దదానికి కేసులేమైనా వస్తున్నాయా అని."

"వస్తున్నాయని చెప్పు. నువ్వు పట్టుకున్నవాళ్ళందరూ నా దగ్గరకే వస్తున్నారు."

కానిస్టేబుల్ ఒకడు దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టరు నవ్వు చెరగలేదు. అదే పెద్దకోడలికి ఒళ్ళు మండే సంగతి. ఎంత పొడిచినా ఆ పిల్ల నవ్వు చెరగదు.

"చూడు అక్కా, విషయం చాలా సులువు. ముదిరిన ఆకు మీద ఈ తెగులు మచ్చ రాదు. పురుగు కుట్టాక పుట్టిన ఆకులకే వస్తుంది. ఈ చెరకు వారానికో ఆకు వేస్తుంది. మచ్చ మూడో ఆకు దాకా ఉంది, నాలుగోది శుభ్రం. రిపోర్టులో కూడా అదే రాశారు. మూడు ఆకులు, మూడు వారాలు. మూడు వారాల కింద తోటలో గొట్టాలు పట్టుకుని తిరిగింది ఎవరు?"

"ఆరూ నలభైకి ఆ గొట్టంలో తెగులు బతికి ఉండదు. తెగులు గదికి పదమూడు గంటలుగా తాళం ఉంది."

"తెగులు ఆకు కోసి ఇంటికి తీసుకుపోయి ఉండొచ్చుగా?"

"కోసిన ఆకు తెల్లారేసరికి చుట్టుకుపోతుంది. పురుగు దాన్ని వదిలి పాకిపోతుంది. నిమిషంలో జరగాల్సిన పనికి రాత్రంతా ఎవరు కూర్చుంటారు? అందులోనూ ఆ పనిలోనే ఉన్న మనిషి?"

"పురుగు మూతి ఎవరు వాసన చూశారక్కా! నాకు సాక్షి ఉన్నాడు. ఆకుల లెక్క ఉంది."

"ఆ లెక్క నీకెవరు చెప్పారు?"

"గురువుగారే స్వయంగా వచ్చి చూపించారు. ముప్ఫై ఏళ్ళుగా చెరకులో ఉన్న మనిషి. పాపం, శిష్యుడు రెండు రోజులుగా ఇటు రావడమే లేదు. చచ్చిన బిడ్డని చూడలేనన్నాడట."

పెద్దకోడలు సాలులోకి దిగింది. ఆకులు చేతుల మీద కోస్తున్నా ఆగకుండా పన్నెండో సాలు దాకా వెళ్ళింది. అన్ని దుబ్బుల్లోనూ ఒకటే వరస. ముదురు పచ్చ మీద లేత పచ్చ చారలు, సబ్బు నీళ్ళు పడి బట్ట రంగు పోయినట్టు. కింది ఆకులు మాత్రం నిగనిగలాడుతున్నాయి. ఒక గడ తల వంచి ఆకులు లెక్కపెట్టింది. విచ్చుకున్నవాటిలో మచ్చలున్నవి మూడే. తోటికోడలు అబద్ధం చెప్పలేదు.

కాని గడ కొసన మొవ్వు ఉంది. ఈటెలా పైకి పొడుచుకుని, చుట్ట చుట్టుకుని ఉంది. పెద్దకోడలు పెన్సిలు చెక్కుకునే చాకు తీసి మొవ్వును నిలువుగా చీల్చింది. లోపల ఒకదాంట్లో ఒకటి చుట్టుకున్న ఆకులు, మూడు. వెలుతురుకు పట్టి చూసింది. మూడింటి మీదా చారలున్నాయి.

బయటవి మూడు, లోపలవి మూడు, వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెట్టింది.

గట్టు మీద నుంచి ఇన్‌స్పెక్టరు కేకేసింది. "ఏమైనా దొరికిందా అక్కా?"

చెప్పొచ్చు. రెండే మాటలు. చెబితే ఆ పిల్ల వెంటనే పట్టుకుంటుంది, తెలివి తక్కువదేమీ కాదు. రేపు పేపర్లో ఇన్‌స్పెక్టరు చాకచక్యమని వస్తుంది. హాల్లో ఇంకో అద్దం. తుడవడానికి ఇంకో గుడ్డ.

"ఏమీ లేదు. చెయ్యి కోసుకుంది," అంది పెద్దకోడలు. మొవ్వు ఆకులు మడిచి సంచిలో పెట్టుకుంది. టైము పన్నెండూ ఇరవై.

అక్కణ్ణుంచి ఆమె తిన్నగా పురుగుల గదికి పోయింది. గుమ్మంలో నిలబడే అడిగింది.

"చెరకులో మూడో ఆకంటే ఏది?"

"ఆకుకీ తొడుగుకీ మధ్య తెల్లటి మెడ ఉంటుంది కదమ్మా. అది కనబడే ఆకుల్లో పైదాన్ని మెడాకు అంటాం. అది ఒకటి. అక్కణ్ణుంచి కిందికి లెక్క."

"దానికి పైన మొవ్వులో ఉన్నవి?"

"వాటికి లెక్కలో చోటు లేదు. ఇంకా విచ్చుకోలేదుగా. కాని పుట్టినట్టే."

"ఆరు వారాల కింద నువ్వెక్కడున్నావు?"

"అమ్మకి తుంటి ఆపరేషనైంది. పది రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాను. ఎందుకమ్మా?"

"ఆ పది రోజులూ ఈ తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"

"గురువుగారు తీసుకున్నారు. 'నువ్వు వెళ్ళమ్మా, నీ పురుగుల్ని నేను చూసుకుంటా'నన్నారు. ఎందుకని అడిగితే చెప్పరేం?"

"తర్వాత చెబుతా," అని పెద్దకోడలు బయటపడింది.

గురువు లెక్క తప్పాడా, తప్పించాడా? అది తేలాలి. తప్పానంటే కమిటీ ఊరుకుంటుంది. ముసలితనమంటారు. ఆ మనిషి నోటితోనే సరైన లెక్క చెప్పించాలి. దానికి ఏం కావాలో పెద్దకోడలికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆమె పక్క రైతు తోటలోకి వెళ్ళి, కలుపు మందు తుంపర పడి మాడిన ఒక గడను అడిగి నరికించుకుంది.

*

రెండూ నలభై ఒకటి. కమిటీ గదిలో పొడవాటి బల్ల. ఒక కొసన అధ్యక్షురాలు, ఆమె ముందు టైపు చేసిన ఉత్తర్వు. ఒక పక్క గురువు, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఎదురుగా శిష్యుడు, గడ్డం మాసిపోయి. గోడ పక్కన పురుగులమ్మాయి నిలబడింది. ఆమె పక్కన ఇన్‌స్పెక్టరు.

"మీకు పది నిమిషాలిస్తున్నాను," అంది అధ్యక్షురాలు.

పెద్దకోడలు గడను బల్ల మీద పడుకోబెట్టింది.

"ఇది పక్క తోటలోది. దీని మీద కలుపు మందు పడింది. మూడో ఆకు దాకా బాగానే ఉంది, నాలుగో ఆకు నుంచి కిందవన్నీ మాడాయి. మందు ఎప్పుడు పడిందో తెలిస్తే నాకు ఒక చిక్కు విడిపోతుంది."

"దీనికీ మన కేసుకీ ఏమిటి సంబంధం?" అంది ఇన్‌స్పెక్టరు.

"ఏమీ లేకపోతే నా పది నిమిషాలే పోతాయి." పెద్దకోడలు గురువు వైపు చూడలేదు. శిష్యుడి వైపు తిరిగింది. "ఇందాక వీరినడిగాను. ఆకులు చూడగానే చెప్పేశారు, మూడు వారాలని. ఈ వయసుకే ఎంత చూపు! ఈ క్షేత్రంలో చెరకును చదవగలిగిన కళ్ళు వీరివేనని అందరూ ఊరికే అనడం లేదు."

శిష్యుడు తెల్లబోయి నోరు తెరిచాడు. ఆమె అతన్ని ఏమీ అడగలేదు. బల్ల కింద పెద్దకోడలు అతని కాలు గట్టిగా తొక్కింది. నోరు మూసుకున్నాడు.

గురువు కుర్చీలో కదిలాడు. "ఎవరన్నారు?"

"ఏది?"

"చదవగలిగిన కళ్ళని. ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారండి. మీ తర్వాత కాదు, మీకంటే అని కూడా."

గురువు గడను తన వైపు లాక్కున్నాడు. మెడాకు మీద బొటనవేలు పెట్టాడు. ఆ వేలికి కళ్ళతో పని లేదు, తానే వెతుక్కుంది.

"మూడు వారాలా? వీడు చెప్పాడా?" ముసలాయన గొంతు పైకి లేచింది. "మెడ దగ్గర్నుంచి కిందికి మూడు. మొవ్వులో చుట్టుకున్నవి మూడు. మొత్తం ఆరు. మందు పడి ఆరు వారాలు! మొవ్వును వదిలేసి తేదీ చెప్పే వెధవ ఎవడైనా ఉంటాడా? చేరిన మొదటి రోజు నేర్పే పాఠమిది. అది కూడా రానివాడు కనిపెట్టాడట, దానికి వీడి పేరు పెడతారట!"



పెద్దకోడలు ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. రెండున్నర గంటలుగా నోట్లో నానుతున్న ప్రశ్న.

"మరి నాతో మూడు వారాలని ఎందుకు చెప్పారు గురువుగారూ?"

అడిగింది ఇన్‌స్పెక్టరు. నోటుపుస్తకం తెరిచి, వేలితో ఒక గీత పట్టుకుని, నెమ్మదిగా బల్ల దగ్గరకు నడిచి వచ్చింది. "తోట గట్టు మీద, నా పక్కన నిలబడి, మూడు ఆకులు మూడు వారాలన్నారు. రాసుకున్నాను. మొవ్వు మాట ఎత్తలేదు. ఎత్తనివాడు వెధవని మీరే అంటున్నారు."

పెద్దకోడలు సంచి దగ్గరకు లాక్కుంది. వల పన్నింది తను. చేప మాత్రం మళ్ళీ ఆ పిల్ల బుట్టలోనే పడింది.

తర్వాత సంచిలోంచి చీల్చిన మొవ్వు ఆకులు తీసి బల్ల మీద పరిచింది. ఆసుపత్రి కాగితం, తాళాల రిజిస్టరు వాటి పక్కన పెట్టింది. "ఆరు వారాల కింద ఈ అమ్మాయి ఊళ్ళో లేదు. రెండు తాళాలూ గురువుగారి జేబులో ఉన్నాయి. తెగులు గది నుంచి తోటకు నడక నాలుగు నిమిషాలు. నేను నడిచి చూశాను."

గురువు చొక్కా జేబులో పెన్నులు సరిచేసుకున్నాడు.

"అది నా చెరకు," అన్నాడు చివరికి. "తల్లిని ఎంచింది నేను, తండ్రిని ఎంచింది నేను. నాలుగు వేల మొలకల్లో దాన్ని పనికిరాదని పీకి పారేసింది కూడా నేనే. వీడు చెత్తకుప్పలోంచి ఏరుకున్నాడు. ఏరుకున్నవాడిదా చెరకు, కన్నవాడిదా? ముప్ఫై ఏళ్ళలో నా పేరు మీద ఒక్క రకం లేదు. ఒక్కటి! వీడికి ఉద్యోగంలో అయిదో ఏడు రాకముందే..." మాట మధ్యలో ఆపి శిష్యుడి వైపు చూశాడు. ఆ చూపులో పశ్చాత్తాపం లేదు.

అధ్యక్షురాలు ఉత్తర్వును రెండుగా చింపేసింది. "అమ్మాయ్, నువ్వు కూర్చో. నీ మీద ఏమీ లేదు."

పురుగులమ్మాయి కూర్చోలేదు. సంతోషించనూ లేదు. పెదవులు కదుపుతూ వేళ్ళు మడుస్తోంది.

"ఆరు వారాలన్నది నిజమేనా అమ్మా?" అని పెద్దకోడల్ని అడిగింది.

"నిజమే."

"మీకెప్పుడు తెలిసింది?"

"పన్నెండూ ఇరవైకి."

"అప్పుడే నాతో ఒక్క మాట అనాల్సింది." అంది అమ్మాయి. "నాకు వీళ్ళు తోట చూపించలేదు. మూడు వారాలంటే మూడు వారాలే అనుకున్నాను. నాలుగు వారాల కింద ఈ తోటలోంచి ముచ్చెలు, అంటే నాటే గడ ముక్కలు, కోసి విత్తనానికి పంపారు. అప్పటికి మచ్చలు లేవు, మంచి విత్తనమే వెళ్ళిందని ధీమాగా ఉన్నాం. కాని అప్పటికే కుట్టి రెండు వారాలు! ఆ ముచ్చెల్లో తెగులు వెళ్ళింది."

శిష్యుడు లేచి నిలబడ్డాడు.

"ఎన్ని ఊళ్ళకి?" అంది ఇన్‌స్పెక్టరు.

"ఇరవై రెండు. ఈపాటికి మొలిచి ఉంటాయి. ఇప్పుడు మొక్కజొన్న కోతలు. చేను కోయగానే అందులో ఉన్న పేనుబంక అంతా లేచి పక్క పచ్చదనం మీద వాలుతుంది. మన ముచ్చెల మీద వాలి ఒక్క నిమిషం కుట్టి, పక్క వాళ్ళ తోటలోకి పోతే చాలు. ఇవాళ పీకిస్తే ఇరవై రెండు మళ్ళతో పోతుంది. రేపటికి ఎన్నో నేను చెప్పలేను."

పెద్దకోడలు గడియారం చూడలేకపోయింది. రెండున్నర గంటలు సంచిలో మడిచిపెట్టుకు తిరిగింది తనే.

ఇన్‌స్పెక్టరు ఆమె మోచెయ్యి పట్టుకుంది. "తర్వాత తిట్టుకుందాం అక్కా. ఊళ్ళ జాబితా ఏది?"

అందరి కళ్ళూ నెమ్మదిగా గురువు మీదకు తిరిగాయి. విత్తనం పంపించే పని ఆయనది. బళ్ళు కట్టించింది, ఏ బండి ఎటు పోవాలో చెప్పింది ఆయనే.

"జాబితా లేదు," అన్నాడు గురువు, మాడిన గడను నిమురుతూ. "నిన్న చింపేశాను. నా తలలో మాత్రం ఉంది, ఇరవై రెండూ, రైతు పేరుతో సహా. కాగితం తెండి అధ్యక్షురాలుగారూ. ఈ చెరకు నాదని, దానికి నా పేరే పెడతారని రాయండి. కింద వీడి చేత సంతకం పెట్టించండి. వీడు సంతకం పెట్టగానే మొదటి ఊరు చెబుతాను."

అధ్యక్షురాలు తెల్ల కాగితం తీసి రెండు వాక్యాలు రాసింది. పెన్నుతో సహా శిష్యుడి ముందుకు జరిపింది. "పెట్టండి. చెరకు సంగతి తర్వాత చూసుకుందాం."

శిష్యుడు పెన్ను అందుకున్నాడు. కాగితం మీద గురువు పేరు చదివాడు. మళ్ళీ చదివాడు. కిటికీ అవతల తోట వైపు చూశాడు. తర్వాత పెన్నుకు మూత పెట్టి బల్ల మీద ఉంచాడు.

"నాకు కాస్త టైమివ్వండి," అన్నాడు. "ఆలోచించుకోవాలి."